కంపెనీ చేతులు మారాక మిక్సీ స్పేర్ పార్టులు దొరకట్లేదు – పాతది బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

సుజాత_ఎల్

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా మిక్సీ 14 ఏళ్ళ నాటిది. పోయిన వారం బాగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా మోటార్ సౌండ్ పెరిగిపోయింది, జార్‌లో బ్లేడ్ మాత్రం తిరగట్లేదు, కాలిన రబ్బరు వాసన. ఆపేసి జార్ తీసి చూస్తే మోటార్ మీదుండి జార్‌లో బ్లేడ్‌ని తిప్పే నల్ల కప్లర్‌కి ఆరు పళ్ళుంటే నాలుగు ఊడిపోయాయి, మిగతా రెండూ ఎవరో చెక్కినట్టు అరిగి ఉన్నాయి, చుట్టూ నల్లటి పొడి. ఇంతేగా, చిన్న పార్టే కదా అని సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "ఆ కంపెనీని వేరేవాళ్ళు కొనేశారండీ, మీ మోడల్ క్లోజ్ అయిపోయింది, పార్టులు రావు, ఎక్స్‌ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి" అని పెట్టేశారు.

నాకు అసలు బాధేంటంటే మోటార్ నిక్షేపంగా ఉంది. బొటనవేలంత ముక్క కోసం మొత్తం మెషీన్ పారేయమంటున్నారు. పోనీ కొత్తదే కొందామా అంటే అదే బ్రాండ్‌ది, కంపెనీ చేతులు మారాక వచ్చిన మోడల్, మా వదిన తీసుకుంది, రెండేళ్ళు కూడా కాకముందే ఆగిపోయింది, విప్పి చూద్దామంటే కింద ఒక్క స్క్రూ కూడా లేదు, బాడీ మొత్తం అతికించేసి ఉంది. ఇప్పుడు అది వాళ్ళ అటక మీద ఉంది.

కంపెనీ అమ్ముడుపోతే సరుకు నాణ్యత నిజంగానే పడిపోతుందా, లేక మాకే అలా జరిగిందా? నా పాతదాన్ని బతికించే దారి ఏదైనా ఉంటే చెప్పండి.

కాయిల్_వైండర్

మేడం, పారేయొద్దు. 22 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా, మీరు చెప్పినదాన్ని బట్టి మోటార్‌కి ఏం కాలేదు. మోటార్ సౌండ్ పెరిగి బ్లేడ్ తిరక్కపోతే అది కప్లర్. గుయ్‌మని మూలుగుతూ అసలు కదలకపోతే ఎక్కడో పట్టేసిందని అర్థం. ఉలుకూ పలుకూ లేకపోతే ముందు అడుగున ఎర్ర ఓవర్‌లోడ్ బటన్ నొక్కి చూడాలి, అది కాకపోతే కార్బన్ బ్రష్‌లు (మోటార్‌కి కరెంటు అందించే, అరిగిపోయే చిన్న ముక్కలు), స్విచ్. వాసనలో కూడా తేడా ఉంటుంది. రబ్బరు వాసన అంటే కప్లర్, అదే ముక్కుకి పట్టేసే ఘాటైన కాలిన వార్నిష్ వాసన అయితే వైండింగ్, అంటే మోటార్‌లో చుట్టిన తీగ, పోయినట్టు.

అయితే కప్లర్ కోసం వెతికే ముందు ఒక పని చేయండి. జార్ ఖాళీ చేసి బోర్లించి, అడుగున ఉన్న కప్లర్‌ని వేళ్ళతో తిప్పండి. పట్టు లేకుండా తేలిగ్గా తిరగాలి. బిగుసుకుని ఉంటే మీ అసలు జబ్బు అక్కడుంది, కప్లర్ మార్చినా వారంలో మళ్ళీ ఇదే కథ. చూసి చెప్పండి.

ప్రవీణ్_టి

మీ మొదటి ప్రశ్నకి నా జవాబు, అవును పడిపోతుంది. కొన్నవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి, అది ఎక్కడి నుంచి వస్తుంది? రాగి వైండింగ్ బదులు అల్యూమినియం, బాల్ బేరింగ్ బదులు బుష్ (ఇరుసు తిరిగే మామూలు గొట్టం ముక్క), స్క్రూ బదులు జిగురు. బయట పేరు, రంగు, లోగో అన్నీ అవే కాబట్టి కొనేవాళ్ళకి తెలీదు. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కర్ చూడండి, 2010లో మొదలై ఇంటింటికీ వెళ్ళింది, 2019లో ఒక ప్రైవేట్ ఈక్విటీ సంస్థ (కంపెనీలు కొని అమ్మే పెట్టుబడి సంస్థ) చేతుల్లో ఉన్న కోరెల్ కంపెనీతో కలిపేశారు, నెత్తిన అప్పు పెరిగింది, 2023 జూన్‌కల్లా దివాలా కోర్టుకి వెళ్ళారు, తర్వాత ఆ వ్యాపారాన్ని ఇంకొకరికి అమ్మారు. కుక్కర్ మంచిదే. కానీ ఇన్ని చేతులు మారాక దాని సీలింగ్ రింగ్ పదేళ్ళ తర్వాత దొరుకుతుందని నమ్మకంగా ఎవరు చెప్తారు?

వసుధ_ఆర్

ప్రవీణ్ గారూ మీ కోపం నాకు అర్థమైంది కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. పిండి కలిపే కిచెన్‌ఎయిడ్ స్టాండ్ మిక్సర్ సంగతే తీసుకోండి. అది 1919లో హోబార్ట్ అనే కంపెనీ మొదలుపెట్టింది, 1986లో వర్ల్‌పూల్ చేతికి వచ్చింది. హోబార్ట్ కాలంవే గట్టివి, తర్వాతవి ప్లాస్టిక్ గేర్ల సరుకు అని ఇప్పటికీ వాదిస్తారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది, మధ్యలో కొన్నేళ్ళు గేర్‌బాక్స్ కవర్ ప్లాస్టిక్‌ది పెట్టారు, అది పగిలేది, తర్వాత మళ్ళీ లోహానికి మార్చారు. కానీ లోపల ఉండే వర్మ్ గేర్ సంగతి వేరు. లోడ్ మరీ ఎక్కువైతే మోటార్ కాలిపోకుండా ముందు అది విరగాలి, అందుకే దాన్ని మెత్తగా పెట్టారు. ఆ గేర్ ఇవాళ్టికీ దొరుకుతుంది, గ్రీజు మార్చి గేర్ వేయడం ఇంట్లో చేసుకునేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ముందు అటాచ్‌మెంట్ పెట్టే చోటు దశాబ్దాలుగా మార్చలేదు, పాత మిక్సర్‌కి కొత్త అటాచ్‌మెంట్ పడుతుంది. ఓనర్ మారినా ఆ కొలత మార్చకపోవడం వల్లే పాత మెషీన్లు బతికున్నాయి.

సుజాత గారూ మీ కప్లర్ కూడా అలాంటిదే. అది విరిగి మీ మోటార్‌ని కాపాడింది. విరగడం తప్పు కాదండీ, విరిగినది మళ్ళీ దొరక్కుండా చేశారే, అదీ తప్పు.

ప్రవీణ్_టి

వసుధ గారూ, మీరన్న చివరి మాటతో నాకు పేచీ లేదు. కానీ కిచెన్‌ఎయిడ్ లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నరేంద్ర_బి

అన్నా, నా దగ్గర కూడా అట్లనే అయింది, ఫుడ్ ప్రాసెసర్ గిన్నె మూతకున్న లాక్ ముక్క విరిగింది, అది సేఫ్టీ స్విచ్‌ని నొక్కే ముక్క, అది లేకుంటే మెషీన్ ఆన్ కాదు. కంపెనీ అమ్ముడుపోయింది, కొత్తోళ్ళు గిన్నె సైజు మార్చిన్రు. మూత దొరకలే. మోటార్, బ్లేడ్లు అన్నీ కొత్తగున్నయ్, వేలెడంత ప్లాస్టిక్ కోసం మెషీన్ మూలకు పడ్డది. ఎవరన్నా త్రీడీ ప్రింట్ చేయించుకున్నరా? నడుస్తదా?

కాయిల్_వైండర్

నరేంద్రా, మూత లాక్‌కి త్రీడీ ప్రింట్ నడుస్తుంది, అక్కడ వేడి లేదు, పెద్ద బలం పడదు. ప్రింటింగ్‌కి వాడే ప్లాస్టిక్‌లలో పీఎల్‌ఏ కాకుండా పీఈటీజీలో చేయించు. కప్లర్‌కి మాత్రం వద్దు. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మోటార్ షాఫ్ట్ వేడికే సాగిపోతుంది, పైగా నిమిషానికి వేల చుట్లు తిరిగేచోట ముక్క ఎగిరితే కంటికి తగులుతుంది. ఇంకో మాట, ఆ సేఫ్టీ స్విచ్‌ని టేపేసో తీగ కలిపో శాశ్వతంగా ఆన్‌లో పెట్టే పని మాత్రం చేయకు. మూత లేకుండా బ్లేడ్ తిరిగితే వేళ్ళు పోతాయి, నా షాపుకి అలా చేతికి కట్టు కట్టుకుని వచ్చినవాళ్ళు ఉన్నారు.

హరిణి_వి

నేను ఒక అప్లయన్సెస్ కంపెనీలో విడిభాగాల విభాగంలో ఆరేళ్ళు చేశాను, పేరు చెప్పలేను. మా కంపెనీని వేరేవాళ్ళు కొన్నప్పుడు లోపల ఏం జరిగిందో చెప్తాను, ఎందుకంటే బయట అందరూ నాణ్యత తగ్గించేశారు అనే అనుకుంటారు కానీ మొదటి దెబ్బ నాణ్యతకి కాదు, లిస్టుకి తగిలింది. మా దగ్గర ఒక్కో పార్టుకి ఒక నంబర్, ఆ నంబర్ ఏయే మోడళ్ళకి పడుతుందో ఒక పట్టిక. కొన్నవాళ్ళ కంప్యూటర్ సిస్టం వేరు, అందులో నంబర్ల పద్ధతి వేరు. ఉన్న పార్టులన్నిటికీ కొత్త నంబర్లిచ్చారు, అయితే అప్పుడు అమ్మకంలో ఉన్న మోడళ్ళకే లింకు చేశారు, ఆపేసిన మోడళ్ళని ఎవరూ ఎక్కించలేదు, ఎక్కించమని మేం అడిగితే టైం లేదన్నారు. అంతే, అదే కప్లర్, అదే అచ్చు, అదే ర్యాక్‌లో ఉంది, కానీ కస్టమర్ పాత మోడల్ నంబర్ చెప్తే స్క్రీన్ మీద "లేదు" అని వస్తుంది. ఫోన్ ఎత్తినవాళ్ళు అబద్ధం చెప్పట్లేదండీ, వాళ్ళకి కనిపించేది అదే. ఆ స్క్రీన్ చూసి "పార్టులు రావు" అని నేనే ఎంతమందికో చెప్పాను, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా.

సుజాత గారూ, మోడల్ నంబర్‌తో అడక్కండి. కప్లర్ విప్పి దాని అడుగున చూడండి, ప్లాస్టిక్‌లో అచ్చుపోసిన చిన్న అంకెలు ఉండొచ్చు. అవి చాలాసార్లు తయారుచేసినవాళ్ళ నంబరో అచ్చు నంబరో అయ్యుంటాయి. కంపెనీలు మారినా ప్లాస్టిక్ పార్టులు పోసే సప్లయర్ చాలాసార్లు మారడు, ఎందుకంటే అచ్చు మళ్ళీ చేయించడం ఖర్చుతో కూడిన పని.

మురళి_కె_ఎస్

హరిణి గారూ ఇది నాకు తెలియని విషయం, థాంక్స్. దీనికి తోడు ఇంకో గందరగోళం ఉంది, పేరు ఒకరిది, తయారీ ఇంకొకరిది. ఫిలిప్స్ వంటింటి వస్తువుల వ్యాపారం 2021లో అమ్మేసింది, కొన్నవాళ్ళకి ఆ పేరు 15 ఏళ్ళు వాడుకునే హక్కిచ్చింది, ఆ కంపెనీ పేరు ఇప్పుడు వెర్సూనీ. బ్రాన్ వంటింటి మెషీన్లు 2012 నుంచి డెలోంగి అనే కంపెనీ చేస్తోంది, పేరు మాత్రం బ్రానే. జీఈ అప్లయన్సెస్‌ని 2016లో హయర్ కొన్నది, దశాబ్దాల పాటు ఆ పేరు వాడుకునే హక్కుతో సహా. వీటిల్లో నాణ్యత తగ్గిందని నేను అనట్లేదు, కానీ కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాలు కాకుండా వెనక రేటింగ్ ప్లేట్ మీద సన్న అక్షరాల్లో తయారుచేసింది ఎవరు, దిగుమతి చేసింది ఎవరు అని ఉంటుంది కదా, అది ఫోటో తీసి పెట్టుకోండి. రేపు పార్టు అడగాల్సింది వాళ్ళని.

లక్ష్మి_పి

మైక్రోవేవ్ గురించి అడగొచ్చా ఇక్కడ? ప్లేట్ తిరుగుతోంది, లైట్ వెలుగుతోంది, ఏదీ వేడెక్కట్లేదు. వారంటీ అయిపోయింది. మా అబ్బాయి వీడియోలు చూసి విప్పుతానంటున్నాడు.

కాయిల్_వైండర్

అమ్మా వద్దు, విప్పనివ్వకండి. ప్లగ్ తీసేసినా అందులో హై వోల్టేజ్ కెపాసిటర్ ఛార్జ్ పట్టుకుని ఉంటుంది, వేల వోల్టులు, అది ప్రాణాలు తీస్తుంది. వేడి పుట్టించే మాగ్నెట్రానో, దానికి కరెంటు అందించే డయోడో పోయి ఉంటుంది, అది తెలిసిన మెకానిక్ చేతే చేయించండి. మిక్సీ వేరు, మైక్రోవేవ్ వేరు. దీని మీద నేను రాజీపడను.

వసుధ_ఆర్

పాతవన్నీ గట్టివి అనే మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. ఇవాళ నడుస్తున్న 40 ఏళ్ళ నాటి మెషీన్‌ని చూసి ఆ కాలం సరుకంతా అలాగే ఉండేదనుకుంటాం. దానితోపాటు తయారై ఎప్పుడో తుక్కులోకి పోయినవి మన కళ్ళ ముందు లేవు కదా. కెన్‌వుడ్ చెఫ్ చాలామంది ప్రాణంగా చూసుకునే మిక్సర్, మొదటిది 1950లో వచ్చింది, కంపెనీ 1968లో థార్న్ చేతికి, 2001లో డెలోంగి చేతికి వెళ్ళింది. పాత ఎ701ఎ, ఎ901 మోడళ్ళకి ఒక జబ్బుంది, స్పీడ్ కంట్రోల్‌లో కెపాసిటర్లు వయసు మీదపడి పొగలు కక్కుతాయి. మోటార్ కాలిపోయిందని భయపడి పారేసేవాళ్ళు. సంగతి తెలిసినవాళ్ళు ఆ నాలుగైదు భాగాలు కిట్‌గా కట్టి అమ్మడం మొదలుపెట్టారు, సోల్డరింగ్ వచ్చినవాళ్ళు ఓ సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. ఆ మెషీన్‌ని విప్పగలిగేలా చేశారు కాబట్టి కంపెనీ చేతులు మారినా బయటివాళ్ళు బతికించుకోగలిగారు. జిగురుతో మూసేసిన దానికి ఎవరైనా కిట్ తయారుచేయగలరా చెప్పండి.

ప్రవీణ్_టి

ఇక్కడ నా మాట కొంచెం సవరించుకుంటున్నా. మౌలినెక్స్ అనే వంటింటి మెషీన్ల కంపెనీ 2001లో దివాలా తీస్తే సెబ్ గ్రూప్ తీసుకుంది, సెబ్ వాళ్ళు తర్వాత పదేళ్ళు రిపేర్ చేయగలం అని తమ వస్తువుల మీద గుర్తు వేయడం మొదలుపెట్టారు. కొన్నవాడు మంచివాడైతే పరిస్థితి బాగుపడొచ్చు కూడా. కానీ కొనేవాడి మంచితనం మీద ఆధారపడటం ఏంటండీ, చట్టం ఉండాలి. యూరప్‌లో 2021 మార్చి నుంచి ఫ్రిజ్‌ల డోర్ గాస్కెట్ (తలుపు రబ్బరు) పదేళ్ళు, థర్మోస్టాట్, సెన్సార్ లాంటివి ఏడేళ్ళు సప్లై చేయాలని రూల్ పెట్టారు, ఆ మోడల్‌లో చివరి పీస్ అమ్మిన రోజు నుంచి లెక్క. ఆర్డర్ పెడితే 15 పనిదినాల్లో పంపాలి. డిష్‌వాషర్లకీ అలాంటిదే ఉంది. మిక్సీలు, బ్లెండర్లు మాత్రం అందులో లేవు. ఎక్కువ పారేసేది చిన్న వస్తువుల్నే, వంటింటి సరుకులో రూల్ పెద్దవాటికి మాత్రమే. ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

సుజాత_ఎల్

కాయిల్ వైండర్ గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. పెద్ద జార్ బోర్లించి తిప్పితే రెండు వేళ్ళతో కదలనే లేదు, పటకారు పెట్టాల్సొచ్చింది, గరగరమని ఇసుక నలిగినట్టు సౌండ్. చిన్న జార్ మాత్రం ఊదితే తిరిగేలా ఉంది. పెద్ద జార్ అడుగున బుష్ చుట్టూ గోధుమరంగు తుప్పు మరక ఉంది. సీల్ లోంచి నీళ్ళు దిగుతున్నాయేమో, నాలుగైదు నెలలుగా జార్ కింద తడి ఉంటోంది, కడిగిన నీళ్ళే అనుకుని పట్టించుకోలేదు.

ఇప్పుడు కప్లర్ విప్పాలి, ఎటు తిప్పాలో తెలియట్లేదు. బలం పెడితే షాఫ్ట్ మొత్తం తిరుగుతోంది.

కాయిల్_వైండర్

సీల్ పోయింది, నీళ్ళు బుష్‌లోకి దిగి తుప్పు పట్టింది, బ్లేడ్ బిగుసుకుంది, ఆ భారం కప్లర్ మోసి మోసి విరిగింది. బ్లేడ్, బుష్, సీల్ సెట్టుగా మార్చాలి, జార్ బాడీ ఉంచేయొచ్చు.

కప్లర్ విప్పడానికి ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. మిక్సీ పక్కకి పడుకోబెట్టి అడుగు ప్లేట్ విప్పితే షాఫ్ట్ కింది కొస కనబడుతుంది, చాలావాటికి స్క్రూడ్రైవర్ పట్టే గాడి ఉంటుంది. గాడి లేకపోతే కింద ఫ్యాన్‌ని గుడ్డ చుట్టి పట్టుకోండి, రెక్క మీద బలం పెట్టొద్దు. షాఫ్ట్ కదలకుండా పట్టుకుని పైన కప్లర్‌ని మిక్సీ నడిచేటప్పుడు ఎటు తిరుగుతుందో అటే తిప్పండి. నడుస్తున్నకొద్దీ బిగుసుకునేలా మర తీస్తారు కాబట్టి తిరిగే దిక్కుకే ఊడుతుంది. రాకపోతే కొంచెం తుప్పు వదిలించే నూనె వేసి ఓ గంట ఆగండి, సుత్తి మాత్రం తీయొద్దు. విప్పారు కాబట్టి పనిలో పనిగా కార్బన్ బ్రష్‌లు కూడా చూడండి, 6 మి.మీ. కంటే పొట్టిగా ఉంటే మార్చేయండి. మళ్ళీ పెట్టేటప్పుడు ఏ పక్కది ఆ పక్కే, ఏ వైపు ఒంపు ఉందో ఆ వైపే ఉండాలి.

నరేంద్ర_బి

అక్కా వచ్చిందా కప్లర్?

సుజాత_ఎల్

వచ్చింది నరేంద్రా! ఇవాళ జరిగిందంతా చెప్తాను. కప్లర్ తిరిగే దిక్కుకే తిప్పితే రెండో ప్రయత్నంలో ఊడింది. అడుగున మసి తుడిచి సెల్ టార్చ్ ఏటవాలుగా వేస్తే హరిణి గారు చెప్పినట్టే సన్నగా అంకెలు, పక్కన చిన్న బాణం గుర్తు. ఆ నంబర్ సర్వీస్ సెంటర్‌కి చెప్తే మళ్ళీ లేదనే అన్నారు. అప్పుడు నాకు వదిన వాళ్ళ అటక గుర్తొచ్చింది. ఆగిపోయింది ఎలాగూ ఉంది కదా అని వెళ్ళి దించి పక్కపక్కన పెట్టి చూశాను. దాని కప్లర్‌కి కూడా ఆరే పళ్ళు, అదే ఎత్తు. దానికి అడుగు ప్లేట్ లేదు కాబట్టి షాఫ్ట్ పట్టుకునే వీలు లేదు, అయినా ఆగిపోయిన మెషీనే కదా అని మా అన్నయ్య గాలి జాలీ పక్కన బాడీ కోసి ఫ్యాన్ పట్టుకున్నాడు, నేను పైన తిప్పాను. ఊడింది. తిరగేసి చూస్తే అవే అంకెలు, అదే బాణం గుర్తు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి నిజంగా. పార్టులు రావు అన్నారు, ఆ పార్టు వాళ్ళు ఇప్పటికీ అమ్ముతున్న మెషీన్‌లోనే ఉంది.

నా మిక్సీకి బిగిస్తే మర కలిసింది. చిన్న జార్ పెట్టి నడిపాను, మునుపటి సౌండే. బ్రష్‌లు ఇంకా 9 మి.మీ. దాకా ఉన్నాయి. తర్వాత వదిన వాళ్ళ కొత్త మోడల్ నంబర్ చెప్పి సర్వీస్ సెంటర్‌లో కప్లర్ ఆర్డర్ పెడితే వెంటనే తీసుకున్నారు, రెండు చెప్పాను.

హరిణి_వి

సుజాత గారూ, ఆ అంకెలు కనబడేలా ఫోటో, మీ పాత మోడల్ నంబర్, కొత్త మోడల్ నంబర్ మూడూ కలిపి ఇక్కడ పెట్టండి. మీలాగే పాత మోడల్ ఉన్నవాళ్ళు వెతికితే ఇదే దొరకాలి. మేం ఎక్కించకుండా వదిలేసిన లింకు అదే.

సుజాత_ఎల్

రాత్రికి పెడతానండీ. కాయిల్ వైండర్ గారూ ఆఖరిగా ఒక ప్రశ్న, పెద్ద జార్ బుష్ సెట్ మార్పిస్తున్నా, దానికి వంట నూనె చుక్క వేయొచ్చా? ఇదివరకు అప్పుడప్పుడు వేసేదాన్ని.

కాయిల్_వైండర్

వేయొద్దు మేడం. వంట నూనె కొన్నాళ్ళకి జిగురై గట్టిపడిపోతుంది, మీ బుష్ పట్టేయడానికి అదీ ఒక కారణమే. తిండి తగిలేచోట వాడే సిలికాన్ గ్రీజు దొరుకుతుంది, సీల్ అంచుకి పలచగా రాస్తే చాలు. కడిగాక జార్ నీళ్ళల్లో నానబెట్టి వదిలేయకుండా బోర్లించి ఆరబెట్టండి. జార్ కింద మళ్ళీ తడి కనిపిస్తే ఆ రోజే సీల్ మార్చేయండి.